పేరు లేని మంచు మీద నడిచిన మనిషి

దక్షిణ అట్లాంటిక్ సముద్రంలో దక్షిణ జార్జియా అనే ద్వీపం ఒకటి ఉంది. దాని లోపలి భాగాన్ని కూడా కొలిచి గీసిన పటం 1958లో అచ్చయింది. రెండు లక్షలకు ఒకటి వంతున గీసిన పటం అది. అంటే నేల మీది రెండు కిలోమీటర్లు కాగితం మీద ఒక్క సెంటీమీటరు. ద్వీపం నిడివి దాదాపు 170 కిలోమీటర్లు కనుక కాగితం మీద రెండు మూరలకు కాస్త తక్కువ తేలుతుంది. కెప్టెన్ కుక్ ఆ ఒడ్డును గీసిన 1775 నుంచి లెక్కవేస్తే, ఆ రెండు మూరల బొమ్మ పూర్తి కావడానికి 183 ఏళ్లు పట్టింది.

ఆ ద్వీపం ఉత్తర తీరంలో అంటార్కిటిక్ బే అనే చిన్న అఖాతం ఉంది. విల్కెన్స్ శిఖరాల దగ్గర పుట్టి, వాయవ్యంగా ఆరేడు కిలోమీటర్లు దిగి, ఆ అఖాతంలో సముద్రాన్ని కలుసుకునే మంచుపాయ ఒకటి ఇవాళ్టి పటాల్లో కనిపిస్తుంది. దాని పేరు క్రీన్ హిమానీనదం. టామ్ క్రీన్ అనే ఐరిష్ నావికుడి పేరు అది. రాజు కాదు, సైన్యాధిపతి కాదు, ప్రొఫెసరు కాదు, రైతు బిడ్డ. అతను 1916లో ఆ మంచు మీద నడిచినప్పుడు దానికి పేరు లేదు, పటంలో చోటూ లేదు. ఆ పేరు అక్కడికి ఎలా చేరిందో చెప్పుకోవాలంటే ముందు ద్వీపం సంగతి కొంత తెలియాలి.

హిమానీనదం అనే మాట మనకు స్కూలు భూగోళం పుస్తకంతోనే పరిచయం. ఏటేటా కురిసిన మంచు కరగకుండా పొరమీద పొరగా పేరుకుని, అడుగుపొరలు బరువుకు నొక్కుకుపోయి గట్టి మంచుగడ్డగా మారతాయి. ఆ గడ్డ తన బరువుతో తానే కొండవాలు వెంట మెల్లగా జారుతుంది. పేరుకు నది, నడకకు నత్త. దక్షిణ జార్జియాలో సగానికి పైగా నేల ఏడాది పొడుగునా ఈ మంచు కిందే ఉంటుంది. నడుమ వెన్నెముకలా సాగే కొండల్లో ఎత్తైన పాజెట్ శిఖరం 2,900 మీటర్లు దాటుతుంది. సముద్రమట్టం నుంచి ఒక్కపెట్టున లేచిన ఎత్తు అది. ఫాక్‌లాండ్ దీవులకు తూర్పుగా వెయ్యి కిలోమీటర్లకు పైగా దూరం. చెట్టు లేదు. ఆదివాసులు ఏనాడూ లేరు.

ఈ చివరి మాట దగ్గర ఒక్క క్షణం ఆగాలి. మన దగ్గర సర్వే చేసే దొర కొండ పేరు తెలియకపోతే కింది ఊరివాణ్ని పిలిచి అడిగేవాడు. విన్నది విన్నట్టు రాసేవాడో, నోరు తిరక్క మార్చి రాసేవాడో, అది వేరే సంగతి. సరిహద్దు ఊళ్లలో ఉన్న మనకు ఆ బాధ తెలియనిది కాదు. ఇంట్లో "పల్లి" అనుకునే ఊరు రోడ్డు పక్క బోర్డులో "హళ్లి" అయి కూర్చుంటుంది. అయినా అడగడానికంటూ ఒక నోరు ఉండేది. దక్షిణ జార్జియాలో అడగడానికి ఎవరూ లేరు. అక్కడి ప్రతి పేరూ ఓడలో వచ్చిందే. ఎవరు వచ్చారు, ఎందుకు వచ్చారు, ఎవరిని సంతోషపెట్టాలనుకున్నారు అన్నది ఆ పేర్లలోనే ఉంది.

1675లో ఆంథనీ డి లా రోషే అనే వర్తకుడు తుపానుకు దారి తప్పి దాన్ని చూశాడంటారు. 1756లో లియోన్ అనే స్పానిష్ ఓడ చూసి సాన్ పెడ్రో అని పేరు పెట్టింది. అర్జెంటీనావారు నేటికీ ఆ పేరే వాడతారు. కుక్ 1775 జనవరి 17న రెజొల్యూషన్ ఓడ మీంచి పడవలో ఒడ్డుకు దిగి, జెండా పాతి, తుపాకులు పేల్చి, తన రాజు మూడవ జార్జి పేరు పెట్టాడు. దిగిన చోటు పొసెషన్ బే, అంటే స్వాధీనపు అఖాతం అయింది. జనవరి అక్కడ నడివేసవి. అయినా కొండలనిండా మంచే. ఒడ్డున మంచుగోడలు విరిగి సముద్రంలో పడుతుంటే ఫిరంగి పేలినట్టు ఉందని అతను రాసుకున్నాడు.

కుక్ వెతుకుతున్నది దక్షిణాన ఉందని అందరూ నమ్మిన మహాఖండాన్ని. ఇదే దాని మొదలు కావచ్చునని ఆశపడ్డాడు. మూడు రోజులు తీరం వెంట పోగానే నేల అయిపోయి ఆవలి సముద్రం కనిపించింది. ఇది ఉత్త ద్వీపం. ఆ కొసకు కేప్ డిసప్పాయింట్‌మెంట్, అంటే నిరాశ అగ్రం అని పేరు పెట్టి సాగిపోయాడు. రాజుగారి పేరుతో మొదలై నిరాశతో ముగిసిన పటం అది. అందులోనూ ఉత్తరపు ఒడ్డు మాత్రమే ఉంది. దక్షిణపు ఒడ్డును 1819 డిసెంబరులో రష్యన్ నావికుడు బెల్లింగ్స్‌హౌసెన్ గీశాడు. రెండు ఒడ్లు రెండు దేశాలవాళ్ల చేతుల్లో తయారయ్యాయి. నడిమి నేల తెల్లకాగితం.

కుక్ రాసిన పుస్తకంలో సీళ్ల సంగతి ఉంది. అదే చాలింది. 1780ల చివరి నుంచి ఇంగ్లీషు, అమెరికన్ వేటగాళ్లు చర్మాల కోసం వచ్చిపడ్డారు. 1800-01 సీజనులో ఒక్క ఎడ్మండ్ ఫానింగ్ ఓడే 57,000 చర్మాలు పట్టుకుపోయింది. 1820ల నాటికి మొత్తం పన్నెండు లక్షలకు తగ్గకుండా పోయి ఉంటాయని కెప్టెన్ వెడ్డెల్ అంచనా. ద్వీపపు రేవులను వీళ్లు ఎరిగినంతగా అప్పటికి మరెవరూ ఎరగరు. కానీ వేటగాడు తన చోటు పటంలో పెట్టడు. పెడితే రేపు పక్కవాడి ఓడ వస్తుంది. వాళ్లు వదిలిపోయిన గుర్తుల్లో ఒకటి సీళ్ల కొవ్వు కరిగించే ఇనప కొప్పెరలు. 1902లో స్వీడిష్ యాత్రికులు ఆ కొప్పెరలను చూసి ఆ చోటుకు గ్రిట్వికెన్ అన్నారు. కొప్పెరల రేవు అని అర్థం. ఆ ద్వీపం పేర్లలో నాకు బాగా నచ్చినది ఇదే. ఎవరినీ పొగడదు, అక్కడ ఏం జరిగిందో చెబుతుంది.

తర్వాత శాస్త్రజ్ఞుల వంతు. 1882-83లో అంతర్జాతీయ ధ్రువ సంవత్సరం సందర్భంగా జర్మన్లు కార్ల్ ష్రేడర్ నాయకత్వంలో రాయల్ బే ఒడ్డున ఏడాదికి పైగా మకాం పెట్టారు. సూర్యబింబం మీదుగా శుక్రుడు సాగిపోవడాన్ని 1882 డిసెంబరు 6న అక్కణ్నుంచి చూశారు. మరుసటి ఆగస్టులో క్రకటోవా అగ్నిపర్వతం పేలినప్పుడు పుట్టిన అలలు అంత దూరాన వాళ్ల ఆటుపోట్ల యంత్రంలోనూ నమోదయ్యాయి. చుట్టుపక్కల హిమానీనదాలను గీసి, పెద్దదానికి దక్షిణ ధ్రువ నావికుడు జేమ్స్ రాస్ పేరు పెట్టారు. స్వీడన్‌వారు వచ్చి జర్మన్ శాస్త్రజ్ఞుడు నాయ్‌మయర్ పేరు ఒకదానికి పెట్టారు. 1928లో నార్వే భూగర్భ శాస్త్రజ్ఞుడు హోల్టెడాల్ వచ్చి దక్షిణ తీరపు హిమానీనదాలకు ఎస్మార్క్, కైల్‌హౌ, కేరుల్ఫ్ అంటూ తన దేశపు భూగర్భ శాస్త్రజ్ఞుల పేర్లు వరసగా పెట్టుకుంటూ పోయాడు. ఇందులో ఎస్మార్క్ పేరు మాత్రం తగిన చోటనే పడింది. ఒకప్పుడు నార్వే అంతా హిమానీనదాల కింద ఉండేదని 1820లలోనే వాదించినవాడు అతను.

ఒక పేరు మీద మరో పేరు పడడమూ ఉంది. మొరెయిన్ ఫియోర్డ్‌లో ఒక హిమానీనదానికి స్వీడన్‌వారు తమ దేశపు శాస్త్రజ్ఞుడు డి గీర్ పేరు పెడితే, అది తర్వాత బ్రిటిష్ శాస్త్రజ్ఞుడి పేరుతో హార్కర్ అయింది. మంచుకు తేడా లేదు, పటం గీసేవాడు మారాడు.

1904 నవంబరులో నార్వే కెప్టెన్ సి. ఎ. లార్సెన్ కొప్పెరల రేవులో తిమింగలాల వేటకు మొదటి స్థావరం కట్టాడు. అతని వెంట వచ్చిన ఓడల్లో ఫోర్చునా ఒకటి. ఆ వేట ఓడ పేరు ఒక అఖాతానికి, దాని పక్క హిమానీనదానికి స్థిరపడింది. లీత్, హుస్విక్, స్ట్రోమ్నెస్ అని ఇంకా స్థావరాలు లేచాయి. వందలమంది పనివాళ్లు తిమింగలాలను కోసి నూనె తీశారు. ఇన్ని ఏళ్లు అక్కడ ఉన్నా వాళ్లు కొండల్లోకి పోలేదు. పోవలసిన పని లేదు. నూనె ఉన్నది సముద్రంలో.

అందుచేతనే 1916 మే నెలలో ఆరుగురు మనుషులు ద్వీపానికి తప్పు ఒడ్డున వచ్చి పడ్డప్పుడు వాళ్ల దగ్గర ఉన్న పటం తీరపు గీత మాత్రమే.

షాకిల్టన్ కథ చాలామంది చదివే ఉంటారు. క్లుప్తంగా చెబుతాను. 1914 డిసెంబరు 5న గ్రిట్వికెన్ నుంచి ఎండ్యూరెన్స్ ఓడ అంటార్కిటికాకు బయలుదేరింది. మంచులో చిక్కి, నలిగి, 1915 నవంబరులో మునిగింది. మనుషులు మంచుపలకల మీద, ఆపైన పడవల్లో ఎలిఫెంట్ దీవి చేరారు. అక్కడ 22 మందిని వదిలి షాకిల్టన్, వోర్స్‌లీ, క్రీన్, మెక్‌నిష్, మెక్‌కార్తీ, విన్సెంట్ ఒక్క పడవలో 800 నాటికల్ మైళ్ల దూరం వచ్చి మే 10న దక్షిణ జార్జియా దక్షిణపు ఒడ్డున కింగ్ హాకోన్ బేలో దిగారు. స్థావరాలున్నవి ఉత్తరపు ఒడ్డున. పడవకు మళ్లీ సముద్రం మీదికి పోయే సత్తువ లేదు. ముగ్గురు ఒడ్డునే ఉండిపోయారు. నడవగలిగిన ముగ్గురు కొండలు దాటి పోవాలి.

మే 19 తెల్లవారకముందే వెన్నెల్లో బయలుదేరారు. షాకిల్టన్, వోర్స్‌లీ, క్రీన్. యాభై అడుగుల తాడు, వడ్రంగి బాడిస, ప్రైమస్ స్టవ్వు, మూడు రోజుల తిండి. గుడారం లేదు, పడక లేదు. మంచులో కాలు జారకుండా పడవ చెక్కల్లోంచి ఊడదీసిన స్క్రూలను బూట్ల అడుగున బిగించుకున్నారు. పొగమంచులో కింద గడ్డకట్టిన చెరువు కనబడితే దాని వైపు దిగారు. దిగాక తెలిసింది అది చెరువు కాదు, ఉత్తరపు సముద్రం, కుక్ జెండా పాతిన పొసెషన్ బే. మళ్లీ పైకి ఎక్కారు. ఎదురుగా చేతివేళ్లలా కొమ్ములున్న కొండ. వేళ్ల నడుమ సందులో నుంచి అవతలికి పోవాలి. ఒక సందు ఎక్కి చూస్తే అవతల నిట్టనిలువు మంచు. రెండోదీ అంతే. మూడోదీ అంతే. నాలుగో సందు ఎక్కేసరికి పొద్దు వాలింది. వెనక నుంచి పొగమంచు కమ్ముకొస్తోంది. ఆ ఎత్తులో రాత్రి ఆగితే ప్రాణం దక్కదు. మెట్లు చెక్కుకుంటూ దిగేందుకు సమయం లేదు. తాడును చుట్టలుగా చుట్టి దాని మీద ఒకరి వెనక ఒకరు కూర్చుని, ఒకరినొకరు పట్టుకుని, కింద ఏముందో కనబడని చీకట్లోకి జారిపోయారు. ఎక్కడానికి గంటలు పట్టిన ఎత్తును నిమిషాల్లో దిగి మెత్తని మంచులో ఆగారు. లేచి ఒకరికొకరు షేక్‌హ్యాండు ఇచ్చుకున్నారు.

ఆ జారుడు ముగిసిన చోటే నేడు క్రీన్ హిమానీనదం అంటున్నది.

అక్కడ వేడిగా తిని, చంద్రోదయం చూసుకుని మళ్లీ నడిచారు. కొంతసేపటికి కింద సముద్రం కనిపించింది. స్ట్రోమ్నెస్ వచ్చేసిందనుకుని సంబరపడి దిగడం మొదలెట్టారు. చాలా దూరం దిగాక కాళ్ల కింద నెర్రెలు కనబడ్డాయి. ఎండిన చెరువు అడుగున విచ్చినట్టు మంచు విచ్చే నెర్రెలవి. అంటే తాము ఉన్నది హిమానీనదం మీద. స్ట్రోమ్నెస్‌లో హిమానీనదం లేదని షాకిల్టన్‌కు తెలుసు. కనుక ఇది స్ట్రోమ్నెస్ కాదు, ఫోర్చునా హిమానీనదం అయి ఉండాలనుకున్నాడు. అలసిన కాళ్లతో మళ్లీ పైకి.

ఈ ఘట్టం నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే. అక్కడ ఏముందో పటం చెప్పలేదు. స్ట్రోమ్నెస్‌లో ఏది లేదో గుర్తుండడం వల్ల దారి దొరికింది. ఆ కాస్త ఎరుక ఏ సర్వే ఇచ్చిందీ కాదు. 1914లో నెల రోజులు తిమింగలాల వేటగాళ్ల మధ్య ఉండి, వాళ్ల రేవులు చూసి, వాళ్ల మాటలు విని తెచ్చుకున్నది.

ఒకచోట కూర్చోగానే మిగిలిన ఇద్దరికీ నిద్ర పట్టింది. ముగ్గురూ నిద్రపోతే ఎవరూ లేవరు. షాకిల్టన్ అయిదు నిమిషాలాగి లేపి, అరగంట పడుకున్నారని చెప్పాడు. ఉదయం ఏడింటికి స్ట్రోమ్నెస్ స్థావరంలో పనివాళ్లను పిలిచే కూత వినిపించింది. పదిహేడు నెలల తర్వాత తమవాళ్లు కాని మనుషులు చేసిన మొదటి చప్పుడు వాళ్లకు అదే. జలపాతంలో తడుస్తూ తాడు పట్టుకు దిగి, ఆ సాయంత్రం స్థావరం చేరేసరికి బయలుదేరి 36 గంటలయింది. అవతలి ఒడ్డు ముగ్గురినీ వెంటనే తెచ్చారు. ఎలిఫెంట్ దీవిలోని 22 మందినీ ఆ ఆగస్టులో ప్రాణాలతో తెచ్చారు.

షాకిల్టన్ పుస్తకం రాశాడు. వోర్స్‌లీ పుస్తకం రాశాడు. క్రీన్ ఏమీ రాయలేదు.

అతను 1877లో ఐర్లండ్ నైరుతి కొసన కెర్రీ జిల్లా అనస్కాల్ దగ్గర పుట్టాడు. పెద్ద కుటుంబం, చిన్న కమతం. పదహారేళ్లయినా పూర్తిగా నిండకుండానే బ్రిటిష్ నౌకాదళంలో చేరాడు. స్కాట్‌తో రెండుసార్లు, షాకిల్టన్‌తో ఒకసారి దక్షిణానికి పోయాడు. 1912 ఫిబ్రవరిలో, స్కాట్ రెండో యాత్రలో, ధ్రువం దారి నుంచి తిరిగి వస్తున్న ముగ్గురిలో లెఫ్టినెంట్ ఎవాన్స్ స్కర్వీతో కదలలేని స్థితికి వచ్చాడు. లాష్లీ రోగి దగ్గర ఉండిపోగా, క్రీన్ ఒంటరిగా మంచులో 35 మైళ్లు నడిచి సాయం తెచ్చాడు. జేబులో కొంచెం చాక్లెట్, మూడు బిస్కట్లు. ఎవాన్స్ బతికాడు. ఇందుకు క్రీన్‌కు ఆల్బర్ట్ పతకం ఇచ్చారు.

1920లో ఉద్యోగం వదిలి సొంత ఊరు చేరి మద్యం అమ్మే చిన్న అంగడి పెట్టుకున్నాడు. దాని పేరు సౌత్ పోల్ ఇన్. కానీ అది ఎలాంటి 1920? ఐర్లండ్ స్వాతంత్ర్య పోరాటం మండిపోతున్న కాలం. బ్రిటిష్ నౌకాదళంలో పనిచేసి వచ్చినవాణ్ని ఊళ్లో ఎలా చూస్తారో చెప్పలేని రోజులు. పోలీసు ఉద్యోగంలో ఉన్న అతని అన్నదమ్ముల్లో ఒకడు ఆ ఏడే కాల్పుల్లో చనిపోయాడు. క్రీన్ పతకాలు దాచేశాడు. అంగడికి ధ్రువం పేరు పెట్టుకున్న మనిషే ధ్రువం సంగతి ఎత్తేవాడు కాదట. భయంతో కొంత, స్వభావంతో కొంత అని నా ఊహ. షాకిల్టన్ 1921లో మళ్లీ రమ్మని పిలిస్తే, పిల్లలున్నారని రాలేనన్నాడు. ఆ ప్రయాణంలోనే 1922 జనవరి 5న గ్రిట్వికెన్‌లో షాకిల్టన్ గుండె ఆగి పోయాడు. ఆయన సమాధి అక్కడే ఉంది. క్రీన్ 1938లో, అపెండిక్స్ పగిలి, కార్క్ ఆసుపత్రిలో చనిపోయాడు. అప్పటికి తాను జారిపడ్డ మంచుకు తన పేరు లేదు. ఆ పేరు వస్తుందని అనుకుని ఉండడు కూడా.

ద్వీపం లోపలికి పోయి చూడాలన్న ప్రయత్నాలు ఈలోగా జరగకపోలేదు. 1928-29లో జర్మన్ యాత్రికుడు లుడ్విగ్ కోల్-లార్సెన్ భార్య మార్గిట్‌తో, ఒక కెమెరామన్‌తో కలిసి స్లెడ్జి మీద చాలా చోట్లు తిరిగాడు. 1911లో ఫిల్ష్‌నర్ యాత్రలో వచ్చి, జబ్బు చేసి గ్రిట్వికెన్‌లో ఆగిపోయి, కెప్టెన్ లార్సెన్ కూతురిని పెళ్లాడిన వాడతను. డిస్కవరీ పరిశోధన బృందం 1926 నుంచి 1930 దాకా రేవులను శ్రద్ధగా కొలిచింది. అయినా ఒడ్లే. ఓడలకు కావలసింది ఒడ్లే.

లోపలి నేలను కొలిచే పని పట్టుదలగా నెత్తిన వేసుకున్నవాడు డంకన్ కార్స్. ఇతనిదో వింత జీవితం. 1913లో పుట్టాడు. కుర్రతనంలోనే నావికుడిగా దక్షిణానికి పోయి గ్రాహమ్‌లాండ్ యాత్రలో చేరాడు. తర్వాత బి.బి.సి.లో అనౌన్సరు. 1949 నుంచి కొన్నాళ్లు, డిక్ బార్టన్ అనే అపరాధ పరిశోధకుడిగా రేడియో నాటకంలో వేసింది ఇతనే. ఇంగ్లండులో పిల్లలూ పెద్దలూ రోజూ చెవులొగ్గి విన్న గొంతు అది. ఆ గొంతు వదిలి 1951 నుంచి 1957 మధ్య నాలుగుసార్లు దక్షిణ జార్జియా సర్వే నడిపాడు.

పని ఎలా సాగిందో కొంచెం చెప్పాలి. సీళ్ల వేట ఓడలు వీళ్లను ఏదో ఒక ఒడ్డున దించి పోయేవి. అక్కణ్నుంచి గుడారాలు, తిండి, థియోడలైటు స్లెడ్జిలకెత్తి మనుషులే లాగాలి. ఎత్తైన చోటుకు చేరి కనుచూపు మేర శిఖరాల కోణాలు చదవాలి. ఒక భుజం పొడవు, రెండు కోణాలు తెలిస్తే త్రిభుజంలో మిగిలినవి లెక్కకు వస్తాయి. ఆ త్రిభుజం పక్క ఇంకోటి, దాని పక్క మరోటి. 1802లో మద్రాసు దగ్గర పరంగిమల పక్క నేల మీద లాంబ్టన్ దొర ఏడున్నర మైళ్ల గీత కొలిచి, బెంగళూరు వైపు త్రిభుజాలు అల్లుకుంటూ పోయిన పద్ధతే ఇది. చుట్టరికం ఇంకొకటి కూడా ఉంది. 1955-56 యాత్రలో సర్వేయరు కెప్టెన్ టోనీ బామ్‌ఫర్డ్. అతని తండ్రి గై బామ్‌ఫర్డ్ మన సర్వే ఆఫ్ ఇండియాలో ఏళ్ల తరబడి పనిచేసి, భూమిని కొలిచే శాస్త్రం మీద పేరుపడ్డ గ్రంథం రాసినవాడు.

తేడా అల్లా వాతావరణంలో. లాంబ్టన్‌కు ఎండ, జ్వరం. కార్స్ మనుషులకు గాలి, మబ్బు. గుడారాలు చిరిగిపోయే గాలి. శిఖరం ఎక్కి వాయిద్యం నిలబెట్టేసరికి మబ్బు మూస్తే, తెరిపి కోసం కాచుకోవడమే. మొదటి యాత్రలో భూగర్భ శాస్త్రజ్ఞుడు ట్రెండాల్ మంచు నెర్రెలో పడి కాలు దెబ్బతిని ఇంటిదారి పట్టాడు. అయినా మళ్లీ 1953లో వచ్చాడు. 1955లో కార్స్ బృందం షాకిల్టన్ దారినీ చూసింది. వాళ్లకు స్లెడ్జిలున్నాయి, గుడారాలున్నాయి, తిండి ఉంది, తొందర లేదు. అన్నీ ఉండి కూడా ఆ దారి ఎంత కష్టమో తెలిసింది. స్క్రూ బూట్ల ముగ్గురూ దాన్ని 36 గంటల్లో ఎలా దాటారన్న ఆశ్చర్యం అప్పణ్నుంచే కొండలెక్కేవాళ్లలో గట్టిగా నాటుకుంది.

సర్వే పూర్తయ్యేసరికి తెల్లకాగితం మీద వందల కొండలు, మంచుపాయలు తేలాయి. వాటికి పేర్లు కావాలి. ఈ పనికి బ్రిటన్‌లో 1945 నుంచి అంటార్కిటిక్ స్థలనామాల కమిటీ ఉంది. పాత పటాలు, వేటగాళ్ల వాడుక పేర్లు, యాత్రా గ్రంథాలు ముందేసుకుని, ఉన్న పేర్లలో ఏది నిలవాలో, లేనివాటికి ఏది పెట్టాలో తేల్చే కమిటీ. సర్వే చేసినవాళ్ల పేర్లు కొన్ని శిఖరాలకు పడ్డాయి. బామ్‌ఫర్డ్, పాటర్సన్‌లకు శిఖరాలు, ప్రైస్, స్పెన్‌స్లీలకు హిమానీనదాలు. షాకిల్టన్ దారిలోని గుర్తులకు ఆ దారి నడిచినవాళ్ల పేర్లే పెట్టారు. రెండు అఖాతాల నడిమి కనుమ షాకిల్టన్‌ది. ఒక కొండ వోర్స్‌లీది. తాడు మీద జారి చేరిన మంచు క్రీన్‌ది.

ఒడ్డున మిగిలిన ముగ్గురినీ మరిచిపోలేదు. కింగ్ హాకోన్ బే మొగలోని చిన్న దీవులకు మెక్‌నిష్, మెక్‌కార్తీ, విన్సెంట్ పేర్లు పెట్టారు. ఇందులో మెక్‌నిష్ సంగతి చెప్పుకోదగ్గది. సముద్రానికి ఆగేలా పడవకు పైకప్పు వేసిన వడ్రంగి అతనే. కానీ మంచు మీద ఉండగా ఒకసారి మాట వినననడంతో షాకిల్టన్ మనసులో పెట్టుకుని, ధ్రువ పతకానికి అతన్ని సిఫారసు చేయలేదు. విన్సెంట్‌కూ పతకం దక్కలేదు. నాయకుడు ఇవ్వనిది నలభై ఏళ్ల తర్వాత పటం ఇచ్చింది. దాంట్లోనూ మెక్‌నిష్ పేరు స్పెల్లింగు తప్పు పడి, 1998లో సరిచేశారు.

పటం ఉంటే చాలదని ఫోర్చునా హిమానీనదం ఇంకోసారి గుర్తుచేసింది. 1982 ఏప్రిల్‌లో అర్జెంటీనా నుంచి ద్వీపాన్ని తిరిగి తీసుకోవడానికి వచ్చిన బ్రిటిష్ కమాండోలు హెలికాప్టర్లలో దాని మీద దిగారు. ఒక్క రాత్రి గాలికే నిలవలేక రక్షించమన్నారు. తీసుకుపోవడానికి వచ్చిన రెండు హెలికాప్టర్లు మంచుతెరలో ఒకదాని వెంట ఒకటి కూలాయి. మూడోది అందరినీ ప్రాణాలతో మోసుకుపోయింది.

కార్స్ గురించి ఇంకో ముక్క. 1961లో ఒంటరితనం మనిషిని ఏం చేస్తుందో చూద్దామని అతను ఆ ద్వీపపు దక్షిణ తీరంలో గుడిసె వేసుకుని ఒక్కడే ఉన్నాడు. మూడు నెలలు తిరక్కుండానే ఒక రాత్రి సముద్రం పొంగి గుడిసెను ఊడ్చుకుపోయింది. మిగిలిన గుడారంతో, తిండితో 116 రోజులు గడిపాక ఓడ వచ్చి ఎక్కించుకుంది. ఆ తీరాన్ని అంతగా కొలిచినవాణ్నీ సముద్రం లెక్కచేయలేదు. 2004లో పోయాడు. సాల్వెసన్ పర్వతశ్రేణిలో అన్నిటికన్న ఎత్తైన శిఖరానికి ఇప్పుడు అతని పేరు.

అతని పటానికి మాత్రం అతను అనుకోని ఉపయోగం ఒకటి వచ్చింది. 1950లలో ఏ హిమానీనదం అంచు ఎక్కడ ఉండేదో చెప్పే సాక్ష్యాల్లో ఆ సర్వే ఒకటి అయింది. పాత పటాలను, ఫోటోలను ఉపగ్రహ చిత్రాలతో పోల్చి బ్రిటిష్ అంటార్కిటిక్ సర్వేకు చెందిన ఆలిసన్ కుక్, ఆమె సహచరులు 2010లో ఒక పరిశోధన ప్రకటించారు. తీరానికి చేరే 103 హిమానీనదాలను చూస్తే 97 శాతం వెనక్కి పోయాయి. నాయ్‌మయర్ హిమానీనదం ఒక్కటే 1957 నుంచి నాలుగు కిలోమీటర్లకు మించి వెనక్కి జరిగింది. పటంలో మంచు అని ఉన్నచోట ఇప్పుడు సముద్రం ఉంది.

అదే పరిశోధనలో ఎలుకల మాట ఉంది. వేటగాళ్ల ఓడల్లో దిగిన ఎలుకలు నేలమీద గూడుకట్టే పక్షుల గుడ్లనూ పిల్లలనూ తినేసేవి. సముద్రం దాకా దిగిన హిమానీనదాలు మాత్రం వాటికి గోడలు. ఎలుక మంచు దాటలేదు. గోడకు ఇవతల ఎలుకలు, అవతల పక్షులు. మంచు వెనక్కి పోతే గోడ పోతుంది, ఒడ్డు వెంట ఎలుకకు బాట పడుతుంది. అప్పుడిక ద్వీపమంతా వాటిదే. అందుకని ఆ గోడలు పడిపోకముందే, ఒక్కొక్క గది ఊడ్చినట్టు, హెలికాప్టర్ల నుంచి విషపు ఎర చల్లారు. 2011, 2013, 2015 సంవత్సరాల్లో మూడు విడతలుగా పని జరిగింది. 2018 మే నెలలో ద్వీపంలో ఎలుక లేదని ప్రకటించారు. పిపిట్ అనే చిన్న పిట్ట ఉంది, ఆ ద్వీపంలో తప్ప ఇంకెక్కడా ఉండదు, అక్కడి పాటపిట్ట అదొక్కటే. ఎలుకలు ఉన్నంతకాలం ఎలుక చేరని దీవులకు, మూలలకు నెట్టుకుపోయిన ఆ పిట్ట ఇప్పుడు ఒడ్డు పొడుగునా గడ్డి దుబ్బుల్లో గూళ్లు కడుతోంది.